ఛీ అన్నవాళ్ళకే మూట

ఆ హోటల్లో పై అంతస్తుల్లో దిగేవాళ్ళకి తివాచీలుంటే, నేలమాళిగలో పనిచేసేవాళ్ళకి గొట్టం ఉంది. మనిషి పట్టేంత రేకు గొట్టం. పైన గదులు సర్దే ఆడవాళ్ళు మాసిన దుప్పట్లూ తువ్వాళ్ళూ మూటగట్టి అందులో పడేస్తే, ఆ మూట ప్రతి అంతస్తు దగ్గరా రేకుకి కొట్టుకుంటూ వచ్చి దబ్బున కింద బల్ల మీద పడేది. దాన్ని విప్పి తెల్లవి తెల్లవాటిలో, రంగువి రంగువాటిలో, జిడ్డువి జిడ్డువాటిలో వేయడం అక్కడి పని. ఆ గదిని మురికిగది అనేవాళ్ళు. అంతకు మించిన పేరు దానికి అక్కర్లేదు.

ఆ మూటల్లో ఏముంటాయో వినాలంటే కడుపు గట్టిదై ఉండాలి. తువ్వాల్లో చుట్టి పారేసిన పసిపిల్లల గుడ్డలుంటాయి. దిండు గలీబుకి అంటించిన బబుల్‌గమ్, దానికి చిక్కుకున్న ఎవరిదో జుట్టు ఉంటాయి. సగం కొరికి దుప్పటి మడతలో మరిచిపోయిన ఉడికిన గుడ్డు నాలుగు అంతస్తుల దెబ్బలు తిని, పేస్టులా పులుముకుని దిగుతుంది. కాలిగోళ్ళు కత్తిరించుకుని, పారేయడానికి చేతులు రాక, చేతిరుమాల్లో భద్రంగా మడిచి పంపిన మహానుభావులున్నారు. ఒకసారి ఒక కట్టుడుపళ్ళ సెట్టు దుప్పట్లోంచి పళ్ళికిలిస్తూ బయటపడింది. వంటింటి ఏప్రన్ల సంగతి వేరే. వాటి మీద కొవ్వు పేరుకుని, గోకితే గోరుకింద ఇరుక్కుంటుంది. ఎన్నిసార్లు కడిగినా మర్నాడు దాకా అక్కడే కాపురం.

ఇలాంటి గదికి దేవుడు ఏరికోరి పంపినట్టు అక్కడ ముక్కు పిన్ని ఉండేది. భర్త పోయాక తమ్ముడింట్లో ఉంటూ, ఒకరికి బరువు కాకూడదని ఈ పనిలో చేరింది. ఆమె ముక్కు అలాంటిలాంటి ముక్కు కాదు. పాలు విరగబోతున్నాయని పొయ్యి వెలిగించకముందే చెప్పేది. వర్షం రాబోతోందని చెప్పేది. వీధి మలుపు తిరిగిన మనిషి పొద్దున ఏ సబ్బుతో స్నానం చేశాడో, అసలు చేశాడో లేదో చెప్పేది. "ముక్కు ఇచ్చినవాడు మూత కూడా ఇవ్వాల్సింది" అని తనమీద తనే జోకు వేసుకునేది.

మురికిగదికి ఒక చట్టం ఉంది. రాసిన చట్టం కాదు. ఛీ అన్నవాళ్ళకే మూట. ఎవరైనా మూట విప్పి ఛీ అన్నారో, తర్వాత దిగిన వాటిలో అన్నిటికంటే కంపుగొట్టే మూట వాళ్ళ ముందుకే జరుగుతుంది. ఛీ అనడమే కాదు, ముక్కు చిట్లించినా, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నా అనేసినట్టే లెక్క. ఒకప్పుడు ఎవరు ఏ మూట విప్పాలని రోజూ జుట్లు పట్టుకునేవాళ్ళట. ఆ గొడవ తీరడానికి ఎవరో ఈ చట్టం పెట్టారు. గొడవ తీరింది, నోళ్ళు కూడా మూతపడ్డాయి.

ఆ చట్టానికి కాపలా రాయక్క. గదిలో అందరికంటే పాతది. ఎంత ఘోరమైన మూట విప్పినా ఆమె మొహంలో గీత కూడా కదలదని ఆ పేరు. ఆమె పల్లెత్తు మాట అనదు. ఎవరి మొహంలోనైనా చిన్న ముడత కనబడితే చాలు, చేత్తో ఒక మూటని వాళ్ళ ముందుకి తోస్తుంది. అంతే. అసలు రాయక్క నిలబడేది బల్లకి ఆ చివర, భోజనాల బల్లమీద పరిచే గుడ్డలు వచ్చే చోట. ఆ చోటుకి చెడ్డ మూటలు దొర్లవు. ఆ మాటా ఎవరూ అనలేదు.

పిన్ని ఏళ్ళ తరబడి ముక్కు బిగపట్టి నెట్టుకొచ్చింది గానీ, ఆ మధ్య నుంచి ఆమెకి తిండి పడటం మానేసింది. ఇంటికి వెళ్ళి చేతులు తోముకుని, నిమ్మతొక్కతో రుద్దుకుని కూర్చున్నా, ముద్ద నోటిదాకా వచ్చేసరికి మురికిగది కూడా వచ్చేది. గుడ్డు చూస్తే ఆ పులుముకున్న గుడ్డు. కూరమీద తేలే నూనె చూస్తే ఏప్రన్ల కొవ్వు. నీళ్ళు తాగి లేచేది. జాకెట్లు వదులై భుజాల మీంచి జారుతున్నాయి. తమ్ముడి భార్య మంచిదే గానీ వంట మీద ప్రాణం పెట్టుకున్న మనిషి. పళ్ళెం వంక చూసేది, ఆడబిడ్డ మొహం వంక చూసేది. ఎలా ఉంది వదినా అని అడిగితే, చాలా బాగుందమ్మా అని పిన్ని అనేది. అని, ముద్దలు పళ్ళెం అంచుకింద దాచేది. బాగుంటే మిగలడం ఎందుకో మరదలికి బోధపడలేదు. బోధపడనిది అవమానంలా మారడానికి ఎంతసేపు పడుతుంది? ఈ మధ్య అందరికీ రెండోసారి వడ్డించి, ఆడబిడ్డ దగ్గరకొచ్చేసరికి గరిటె పక్కన పెట్టేస్తోంది.

ఇలా ఉండగా హోటలు చేతులు మారింది. కొన్నవాళ్ళది స్పానిష్ మాట్లాడే దేశం. బట్టల విభాగం మొత్తానికి వాళ్ళ దేశపు మేడం ఒకావిడ వచ్చింది. పొట్టిగా, చకచకా నడిచే మనిషి. ఆవిడకి ఇక్కడి భాష ఒక్క ముక్క రాదు, వీళ్ళకి ఆవిడ భాష రాదు. మధ్యలో మనిషిని పెట్టుకుంటే వాడికి నచ్చిందే చెబుతాడని ఆవిడ అనుభవమట. అందుకని తన దగ్గర పనిచేసేవాళ్ళు తనకి చెప్పాల్సిన నాలుగు మాటలైనా వాళ్ళ నోటితోనే చెప్పాలని, రోజూ మధ్యాహ్నం భోజనాల గదిలో పాఠం పెట్టించింది. రెండు భాషలూ వచ్చిన ఒక పంతులమ్మని కుదిర్చింది.

మొదట దండాలూ కుశలాలూ అయ్యాయి. తర్వాత వచ్చింది అసలు పాఠం: ఇష్టాలు, కష్టాలు, మనసులో మాటలు. నాకు నచ్చుతుంది అనడానికి మె గుస్తా. ఇదంటే నాకు ప్రాణం అనడానికి మె ఎన్‌కాంతా. చిరాకేస్తుంది అంటే మె మొలెస్తా. భయమేస్తుంది అంటే మె దా మియేదో. 'ఎస్తో' అని ముందు పెడితే 'ఇది' అని అర్థం. నచ్చడం, భయమేయడం వాళ్ళకీ మనలాగే 'నాకు' అంటూ వస్తాయని, మనం వెళ్ళి తెచ్చుకునేవి కావని పంతులమ్మ చెప్పింది. పిన్నికి అది తేలిగ్గా పట్టుబడింది. మన మాటే మారువేషం వేసుకుని వచ్చినట్టుంది అంది.

పాఠం సరదాగానే సాగింది. అందరిలోకీ చిన్నది, ఊరికే నవ్వుతుందని కిలకిల అని పిలిచే మనిషి, అత్తగారు మె మొలెస్తా అంది. మొగుడు? అని పంతులమ్మ అడిగితే, జీతం వచ్చిన రోజు మె గుస్తా, మిగతా రోజులు అడక్కండి అంది. గదంతా గొల్లుమంది. మూలన కూర్చున్న రాయక్క పెదవి కూడా కాస్త వంకర తిరిగింది.

అప్పుడు పంతులమ్మ, నాకు అసహ్యమేస్తుంది అనడానికి మె దా ఆస్కో అంటారు, అందరూ అనండి అంది.

గది చప్పబడిపోయింది. ఒక్కరూ నోరు విప్పలేదు. పలకడం కష్టంగా ఉందేమోనని పంతులమ్మ విడగొట్టి చెప్పింది, పాడి చెప్పింది. ఆడవాళ్ళు గోడలు చూస్తున్నారు. రాయక్క ఆడవాళ్ళని చూస్తోంది. కిలకిల ఒక్కతే, పాఠమే కదా అనుకుని, మె దా ఆస్కో అని గట్టిగా అంది. మర్నాడు పొద్దున్నే గొట్టంలోంచి దిగిన కుళ్ళు మూట కిలకిల ముందుకి జరిగింది. ఏ భాషలో అన్నా ఛీ ఛీయే అని తేలిపోయింది.

సరిగ్గా అప్పుడే పైన ఇస్త్రీగదిలో ఒక చోటు ఖాళీ అయింది. ఇస్త్రీగది అంటే మురికిగది వాళ్ళకి స్వర్గానికి ఇంకో పేరు. కిటికీ ఉంది. వేడి గుడ్డ వాసన, శుభ్రమైన ఆవిరి వాసన. ఎవరికి ఏ పని నచ్చుతుందో ఒక్కొక్కరినీ స్వయంగా అడిగి, దాన్నిబట్టి చోట్లు మారుస్తానని మేడం కబురంపింది. పిన్నికి ఆ రోజు నుంచి కళ్ళు మూస్తే ఆ కిటికీయే. అక్కడికి చేరితే మళ్ళీ అన్నం తినగలనని ఆమె నమ్మకం. చేరకపోతే ఏమవుతుందో అద్దం చెబుతూనే ఉంది.

అడిగే రోజు వచ్చింది. భోజనాల గదిలో మేడం కూర్చుంది. ఆవిడ ముందు బల్ల మీద ఇస్త్రీ చేసిన దుప్పటి ఒకటి, మిషన్లోంచి తీసిన తడి దుప్పటి ఒకటి, విప్పని మూట ఒకటి పెట్టించింది. ఒక్కొక్కదాని మీదా చెయ్యివేసి, తె గుస్తా? నీకు నచ్చుతుందా? అని అడగడం, జవాబు వినడం. ఆడవాళ్ళంతా గోడవార బెంచీ మీద వరసగా కూర్చున్నారు. మొదట్లో రాయక్క. వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టు మూడింటికీ మె గుస్తా అనేసి వస్తున్నారు. కిలకిల మాత్రం మూటని చూపించగానే మె దా ఆస్కో అంది. ఎలాగూ కుళ్ళు మూటలన్నీ తన ముందుకే వస్తున్నాయి, ఇంకేం పోతుందని దాని ధైర్యం.

పిన్ని వంతు వచ్చింది. ఇస్త్రీ దుప్పటికి మె గుస్తా అంది. నిజమే. తడి దుప్పటికీ అదే అంది. సగం నిజం. మేడం చెయ్యి మూట మీదకి వెళ్ళింది. ఆ మూటలోంచి వంటింటి కొవ్వు వాసన, దానికింద ఏదో పులిసిన వాసన పిన్నికి సూటిగా తగులుతున్నాయి. మె దా ఆస్కో అనే మాట నాలుక చివరికొచ్చి కూర్చుంది. వీపు మీద రాయక్క చూపు సూదిలా దిగింది. కక్కలేదు, మింగలేదు. భయపడిన మనిషి గోడ దూకమంటే కొండ దూకుతాడు. మె గుస్తా అంటే సరిపోయేదానికి, ఇంకా గట్టిగా ఉండాలని, "ఎస్తో మె ఎన్‌కాంతా" అంది.

మేడం కళ్ళు పెద్దవయ్యాయి. లేచి వచ్చి పిన్ని రెండు చేతులూ పట్టుకుంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఈ పనంటే ప్రాణమని చెప్పిన మనిషిని ఇప్పుడే చూస్తున్నానని, ఇలాంటివాళ్ళు దొరకడం తన అదృష్టమని పంతులమ్మ చేత చెప్పించింది. పిన్ని నవ్వింది. నవ్వకేం చేస్తుంది?

కిలకిలకి ఇస్త్రీగది దక్కింది. అసహ్యమన్న మనిషిని అసహ్యంలో ఉంచడం పాపమని మేడం లెక్క. పిన్నికి నీలం ఏప్రన్ దక్కింది. మురికిగదికి ముఖ్యురాలన్నమాట. జబ్బుపడినవాళ్ళ గదులవీ, తాగి తందనాలాడినవాళ్ళ గదులవీ మూటలకి ఇకనుంచి ఎర్రతాడు కట్టి పంపుతారు. ఆ ఎర్రతాడు మూటలు ఇంకెవరూ ముట్టుకోకూడదు, అన్నీ పిన్నివే. ప్రాణమన్న మనిషికి ప్రాణమైనది ఇవ్వడం కదా న్యాయం.

ఎర్రతాడు మూటల్లో ఏముండేదో పూర్తిగా చెప్పను. వాంతి ఎండితే ఒక వాసన, ఎండకపోతే ఇంకొకటి, రొయ్యలు తిన్నవాడిదైతే మూడోదని పిన్నికి తెలిసివచ్చిందంటే చాలు. ఏం పిన్నీ, నీ ప్రాణాలు దిగుతున్నాయి అని గొట్టం దబదబలాడినప్పుడల్లా తోటివాళ్ళు వేళాకోళమాడేవాళ్ళు. పిన్నికి మూటల మీద కంటే ఎక్కువ అసహ్యం తన నోటిమీద పుట్టింది. ఆ మె ఎన్‌కాంతా అన్న మాట పళ్ళ సందున ఇరుక్కున్న పీచులా రోజంతా కదిలేది. ఎంత పుక్కిలించినా పోదు.

ఒక సాయంత్రం తమ్ముడు ఇంకా రాలేదు. మరదలు కొత్తగా ఏదో కూర చేసి, కష్టపడి చేశాను, ఇవాళైనా తినమని దగ్గర కూర్చుని వడ్డించింది. కూర మీద పలచని మీగడలాంటి పొర కట్టింది. పిన్ని వేలు పెట్టగానే ఆ పొర ముడతపడి వేలికి అంటుకుంది. అంతే. లేవడానికి కూడా వ్యవధి లేకపోయింది. పళ్ళెంలోనే కక్కేసింది.

మరదలు పళ్ళేన్ని పక్కకి జరిపింది. తర్వాత నెమ్మదిగా అంది. "నా వంట అంత అసహ్యమని ఒక్కమాట చెబితే సరిపోయేది కదా వదినా. రోజూ బాగుంది బాగుంది అని ఎందుకీ నాటకం?"

"నీ వంట కాదే." పిన్ని కొంగుతో మూతి తుడుచుకుంది. "నాకు నేనే కంపు కొడుతున్నాను."

మరదలు ఆమె చెయ్యి లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఇటు తిప్పి చూసింది, అటు తిప్పి చూసింది. సబ్బు, నిమ్మతొక్క తప్ప ఇంకేమీ రావడం లేదంది. పిన్ని అప్పుడు గొట్టం దగ్గర మొదలుపెట్టి ఎర్రతాడు దాకా అంతా చెప్పింది. మరదలు వింటూ పళ్ళెం కడిగేసింది, నేల తుడిచేసింది, వచ్చి మళ్ళీ కూర్చుంది.

"అసహ్యంగా ఉందని ఆవిడకి చెప్పలేకపోయారా?"

"చెబితే మూట నాకే తోస్తారమ్మా."

"ఇప్పుడు ఎవరికి తోస్తున్నారు?"

పిన్ని నోరు తెరిచింది. జవాబు ఉంది గానీ బయటికి రావడానికి దానికే సిగ్గేసినట్టుంది. "నాకే" అంది చివరికి.

మరదలు లేచింది. వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

మర్నాడు పొద్దున మేడం రోజూలాగే మురికిగదికి వచ్చింది. పిన్ని ముందు ఎర్రతాడు మూట ఉంది. మేడం వచ్చి పక్కన నిలబడేదాకా ఆగి, తాడు విప్పింది. తడి తువ్వాళ్ళు ఎన్నాళ్ళు మూలన పడున్నాయో, వాటి మధ్య రొయ్యల పెచ్చులు, ఒక పసిపిల్ల గుడ్డ, వాటన్నిటినీ కలిపి పట్టుకున్న జిగురు. పిన్ని ముక్కు చిట్లించింది. ఆ గదిలో ఎవరూ అంత తీరిగ్గా ముక్కు చిట్లించి ఎరగరు.

"ఎస్తో మె దా ఆస్కో" అంది.

ఉతికే మిషన్ల హోరులో మేడంకి వినపడలేదు. పిన్ని ఇంకా పెద్దగా అంది. ఈసారి గదంతా విన్నది. రాయక్క బల్ల చివరి నుంచి వచ్చి, మాట్లాడకుండా, ఇంకో మూట పిన్ని ముందుకి తోసింది. పిన్ని దాన్ని చూపించి అదే మాట అంది. రాయక్క ఇంకొకటి తోసింది. పిన్ని దానికీ అదే అంది. మూటలు పిన్ని గడ్డం దాకా లేచాయి. వాటి వెనక నుంచి ఆ మాటే వస్తోంది.

మేడం మొహం ఎర్రబడింది. అప్పుడేమో ప్రాణమన్నావు, ఇప్పుడేమో అసహ్యమంటున్నావు. పోర్ కే? ఎందుకు? అని అడిగింది. పంతులమ్మని పిలవమని ఎవరో పరిగెత్తారు. ఆవిడ వచ్చేలోపే పిన్ని మూటల మీద చెయ్యివేసి, "మె దా మియేదో" అంది. పంతులమ్మ వచ్చాక పిన్ని ఆ గది చట్టం మొత్తం చెప్పింది. పంతులమ్మకి మొదట నవ్వొచ్చింది, మూటలు చూశాక ఆగిపోయింది. ఆవిడ స్పానిష్‌లో ఎంత వివరించినా మేడంకి తలకెక్కలేదు. అసహ్యమని చెప్పిన మనిషికే అసహ్యమైనది ఇస్తారా, ఎక్కడైనా ఉంటుందా అని నమ్మలేదు. మూటలో అంత ఏముందో తనే చూస్తానని చొక్కా చేతులు పైకి లాక్కుని, లోపలికి చెయ్యి పెట్టింది.

చెయ్యి బయటికి వచ్చింది. వేళ్ళ మధ్య సాగుతున్నదేమిటో చూసి ఆవిడ మొహమంతా ముడుచుకుపోయింది. రెండో చేత్తో ముక్కు మూసుకుని, "ఆస్కో, కె ఆస్కో" అంది.

ఆ క్షణంలో రాయక్క చెయ్యి కదిలింది. ఆలోచించి చేసిన పని కాదు. ఏళ్ళ తరబడి ఛీ వినగానే కదిలిన చెయ్యి. అది పక్కనున్న పెద్ద మూటని పట్టుకుని, జరజరా ఈడ్చి, మేడం ముందుకి తోసింది.

మేడం మూట వంక చూసింది. రాయక్క వంక చూసింది. గడ్డం దాకా మూటల్లో కూరుకుపోయిన పిన్ని వంక చూసింది. పంతులమ్మ మళ్ళీ ఏదో చెప్పబోతే చెయ్యి ఎత్తి వద్దంది. ఇక చెప్పాల్సిందేమీ మిగల్లేదు. రాయక్క తన చేతిని ఇంకెవరిదో అయినట్టు చూసుకుంటూ నిలబడిపోయింది. ఆ మొహంలో మొదటిసారి గీతలు కనబడ్డాయి.

మేడం ఎవరినీ మెచ్చుకోలేదు. అబద్ధం చెప్పిందన్న కోపంతో పిన్ని చేత నీలం ఏప్రన్ అక్కడే విప్పించింది. ఇస్త్రీగదిలో చోటు నిండిపోయింది, మళ్ళీ ఖాళీ అయితే చూద్దామంది. కానీ ఎర్రతాడు మూటలు ఇకనుంచి వంతులవారీగా విప్పాలంది, రాయక్కతో సహా. ఎవరు ఎక్కడ నిలబడాలో కూడా వంతేనంది. రబ్బరు తొడుగులూ ముక్కుగుడ్డలూ తెప్పించింది. పై అంతస్తుల్లో గదులు సర్దేవాళ్ళని పిలిపించి తన చెయ్యి వాసన చూపించిందని తర్వాత కిలకిల చెప్పింది. అదే రోజు సాయంత్రం రాయక్క వంతులో ఒక మూట విప్పుతూ నోట్లోనే ఏదో గొణిగింది. ఛీ అన్నట్టే వినబడింది. వినబడనట్టు అందరూ తమ తమ గుడ్డలు చూసుకున్నారు.

పిన్ని మురికిగదిలోనే ఉంది. ముక్కు పాత ముక్కే, కంపు పాత కంపే. అయితే ఇప్పుడు మూట విప్పినప్పుడల్లా గట్టిగా ఛీ అనేసి, ఆ మాటని అక్కడే ఉమ్మేసి ఇంటికి వస్తోంది.

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం, పళ్ళెం ముందు కూర్చుని చాలాసేపు చూసి, ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఇంకొకటి పెట్టుకుంది. మరదలు గరిటె పట్టుకుని చూస్తోంది. ఎలా ఉందని ఈసారి అడగలేదు.

"ఉప్పెక్కువైంది" అంది పిన్ని.

మరదలు మొహం మాడ్చుకుంది. "నేను ఎప్పుడూ ఇంతే వేస్తాను. ఇన్నాళ్ళూ బాగుందనేవారుగా?"

"ఇన్నాళ్ళూ తిన్లేదు."

"అయితే వదిలేయండి" అని మరదలు పళ్ళెం లాగబోయింది. పిన్ని ఎడమ చెయ్యి అడ్డం పెట్టి, పళ్ళేన్ని తన వైపుకి జరుపుకుంది.